ఫిట్స్ మాత్రలు వాడేవాళ్లు ఈ అమినో పొడి కొనేముందు

ముందు డబ్బా సంగతి చెప్పేస్తాను. జిమ్‌కు వెళ్లేవాళ్లు నీళ్లలో కలుపుకుని తాగే అమినో ఆమ్లాల (ప్రోటీన్ విరిగితే వచ్చే ముక్కల) పొడి ఇది. పుచ్చకాయ ఫ్లేవర్, 390 గ్రాములు, 30 స్కూపులు, విజయవాడలో మా తమ్ముడు వెళ్లే జిమ్ పక్క షాపులో 1,850 రూపాయలు. షేకర్‌లో వేసి నాలుగుసార్లు ఊపితే కరిగిపోతుంది, అడుగున గడ్డలు మిగలవు, అమినో పొడులకు మామూలుగా ఉండే చేదు కూడా తక్కువే. ఏ మందులూ వాడనివాళ్లు పొద్దున జిమ్‌కు వెళ్లేముందు తాగితే నాకేం అభ్యంతరం లేదు. కానీ మా తమ్ముడికి పదో తరగతి నుంచి ఫిట్స్ ఉన్నాయి. వాల్ప్రోయేట్ 500 ఎంజీ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటాడు. అలాంటివాళ్లు ఈ పొడి తాగొచ్చా అని నేను వెతికినప్పుడు తెలుగులో ఏమీ దొరకలేదు, అందుకే రాస్తున్నాను.

కొనేటప్పుడు నేనూ పక్కనే ఉన్నాను. "వీడు ఫిట్స్ మాత్రలు వాడతాడండీ, పర్వాలేదా?" అని అడిగాను కూడా. షాపతను "ఇది మందు కాదు మేడమ్, మనం తినే పప్పులో, గుడ్లలో ఉండేదే, మాత్రకీ దీనికీ రెండు గంటలు గ్యాప్ ఇస్తే చాలు" అన్నాడు. నిజమే కదా అనిపించింది. ఈ పొడిలో ఉండే ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలిన్ అనే అమినో ఆమ్లాలు పప్పులో ఉండేవే. డబ్బా వెనక్కి తిప్పి చదవలేదు, అక్కడ తప్పు చేశాను.

ఒక స్కూపులో ఆ మూడూ కలిపి 7 గ్రాములు, గ్లుటమిన్ అనే ఇంకో అమినో ఆమ్లం 2.5 గ్రాములు, టారిన్ 1 గ్రాము, అన్నిటికంటే కింద చిన్న అక్షరాల్లో కెఫీన్ 150 ఎంజీ. అంటే ఇంట్లో తాగే కాఫీ దాదాపు రెండు కప్పులు. వాడు సాయంత్రం ఏడింటికి జిమ్‌కు వెళ్తూ తాగేవాడు. ఒంట్లో కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది, అంటే అర్ధరాత్రి ఒక కప్పు కాఫీ తాగి పడుకున్నట్టే. రాత్రి రెండింటికి వాడి గదిలో లైటు కనిపిస్తే ఫోన్ చూస్తున్నాడని అమ్మ కేకలేసేది. నిద్ర చాలకపోతే ఫిట్స్ వస్తాయని మాకు తెలియక కాదు, ఆ నిద్రను పాడుచేస్తున్నది ఈ పొడి అని తట్టలేదు.

పదహారో రోజు తెల్లవారుజామున ఫిట్ వచ్చింది. రెండేళ్ల మూడు నెలల తర్వాత. అమ్మ వాణ్ణి పక్కకు తిప్పి పడుకోబెట్టి తల కింద దుప్పటి మడిచి పెట్టింది, నేను ఫోన్‌లో టైమ్ చూస్తూ నిలబడ్డాను. నిమిషం నలభై సెకన్లు.

న్యూరాలజిస్ట్ దగ్గరికి డబ్బా కూడా తీసుకెళ్లాం. ఆయన లేబుల్ మీద పెన్నుతో రెండు చోట్ల గీత గీశారు, ఒకటి కెఫీన్ కింద, ఒకటి గ్లుటమిన్ కింద. వారం నుంచి పగలు మగతగా ఉంటున్నాడా, చేతులు వణుకుతున్నాయా అని అడిగారు. రెండూ ఉన్నాయి, మేము జిమ్ అలసట అనుకున్నాం. వాల్ప్రోయేట్ వాడే కొందరిలో రక్తంలో అమోనియా పెరుగుతుందట, లివర్ టెస్టులు నార్మల్‌గా ఉన్నా సరే. అమినో ఆమ్లాలు ఒంట్లో విరిగినప్పుడు అమోనియా పుడుతుంది, గ్లుటమిన్ నుంచి కూడా. దాన్ని యూరియాగా మార్చి బయటికి పంపే పనికి ఈ మాత్ర అడ్డుపడగలదు. ఇక రెండు గంటల గ్యాప్‌తో ఒరిగేదేముంది? మందు రోజంతా రక్తంలో ఉండాలనే కదా రెండుపూటలా మాత్ర వేసుకునేది!

మూడో రోజు అమోనియా టెస్టు చేయించాం. రక్తం తీసిన వెంటనే ట్యూబును ఐస్‌లో పెట్టి ల్యాబ్‌కు పరుగెత్తారు, ఆలస్యమైతే లెక్క తప్పు వస్తుందట. ఉండాల్సిన దానికంటే ఎక్కువే వచ్చింది. ఫిట్‌కు కారణం నిద్రా, అమోనియానా అని విడదీసి చెప్పలేనని డాక్టర్ నిజాయితీగా చెప్పారు. పొడి ఆపించారు, ఫిట్స్ మాత్ర మాత్రం ఒక్కపూట కూడా మానొద్దని రెండుసార్లు చెప్పారు. దాంతోపాటు ఎల్-కార్నిటిన్ మాత్రలు రాశారు. అది అమినో ఆమ్లాల నుంచి తయారయ్యేదే, వాల్ప్రోయేట్ వల్ల ఒంట్లో తగ్గిపోతుంది కాబట్టి అమోనియా పెరిగినప్పుడు ఇస్తారట. కాబట్టి ఈ కోవకు చెందినవన్నీ చెడ్డవని నేను అనను, ఎవరికి ఏది, ఎంత అన్నది జిమ్ షాపులో తేలే విషయం కాదంటున్నాను. రెండు వారాల తర్వాత మళ్లీ చేయిస్తే అమోనియా నార్మల్‌కు వచ్చింది.

మా వాడి మాత్ర వేరు, మీ మాత్ర వేరు కావచ్చు. గాబాపెంటిన్ అనే ఇంకో ఫిట్స్ మందు సంగతే చూడండి, పేగులోంచి రక్తంలోకి వెళ్లడానికి అది అమినో ఆమ్లాలు వాడుకునే దారినే వాడుకుంటుంది. అందుకే డబ్బా సీలు తీయకముందే లేబుల్ ఫొటో తీసి, ప్రిస్క్రిప్షన్‌తో కలిపి మీ న్యూరాలజిస్ట్‌కు చూపించండి.

రుచికి, కరగడానికి నాలుగు స్టార్లు ఇవ్వొచ్చు. ఫిట్స్ మందుల గురించి లేబుల్ మీద ఒక్క ముక్క లేదు, కెఫీన్ సంగతి భూతద్దం పెట్టి వెతుక్కోవాలి. అందుకని మొత్తం మీద రెండు.

తమ్ముడు జిమ్ మానలేదు, పొద్దున ఆరున్నరకు మార్చుకున్నాడు, వచ్చాక గుడ్లు, ఉడికించిన పెసలు తింటాడు. డాక్టర్ చెప్పేదాకా బండి నడపకూడదు కాబట్టి నడిచే వెళ్తున్నాడు. "ఇంకెన్నాళ్లక్కా?" అని అడుగుతుంటాడు. తాళం అమ్మ బీరువాలో ఉంది.