దేనికని అడిగి మేకులిచ్చే కొట్టు

మిద్దె మీద కుట్టుమిషన్లకు ఒక గది వేసుకుంటున్నాం. పాత స్లాబు ఇటుక గోడల బరువు మోయదని మేస్త్రీ చెప్పడంతో, కట్టె ఫ్రేము నిలబెట్టి సిమెంటు బోర్డులు కొట్టిస్తున్నాం. దానికి కావలసిన మేకులన్నీ అనంతపురం పాతూరులోని ఈ కొట్టులోనే తీసుకున్నాను.

అంతకు ముందు ఇంకో చోట "మూడంగుళాల మేకులు కిలో" అంటే మారుమాట లేకుండా తూకం వేసి ఇచ్చారు. అవి 12 గేజ్‌వి. గేజ్ అంటే మేకు మందాన్ని చెప్పే నంబరు. పొడవు బాగానే ఉంది, మందమే చాలదు. మా ఆచారి సుత్తి దెబ్బలకు సగంలోనే వంగిపోయాయి.

ఈ కొట్టాయన మొదట అడిగింది "దేనికమ్మా, కట్టె ఎంత మందం?" అని. ఒకటిన్నర అంగుళం అన్నాను. 8 గేజ్‌లో మూడున్నర అంగుళాలవి తీశారు. అడ్డకట్టెను దాటాక ఇంకా రెండంగుళాలు నిలువు కట్టెలోకి దిగాలట. నిలువు కట్టె చివర్లో మేకు నారల వెంబడే దిగుతుంది కాబట్టి పట్టు తక్కువ, అక్కడ పొడవు తగ్గించొద్దన్నారు. కట్టె ఇళ్లు ఎక్కువగా కట్టే అమెరికాలో గోడ ఫ్రేములకు వాడే "16 పెన్నీ" మేకు కొలత కూడా ఇంతే: మూడున్నర అంగుళాల పొడవు, సుమారు 4 మిల్లీమీటర్ల మందం.

గేజ్ నంబరు పెరిగేకొద్దీ మేకు సన్నమవుతుంది, ఇది గుర్తుపెట్టుకోండి. 8 గేజ్ అంటే దాదాపు 4 మిల్లీమీటర్లు, 10 అంటే 3.25, 12 అంటే 2.6. పక్క నుంచి ఏటవాలుగా కొట్టే చోట్లకు మాత్రం 10 గేజ్‌లో రెండున్నర అంగుళాలవి ఇచ్చారు.

మన ఎండలకు బాగా ఎండిన కట్టెలో అంచుకు దగ్గరగా లావు మేకు దింపితే చీలుతుందని నాకు టెన్షన్‌గా ఉండేది. దానికి ఆయన చెప్పింది బంగారం లాంటి మాట: మేకు కంటే సన్నటి బిట్టుతో ముందు రంధ్రం వేయాలి, లేదంటే మేకు మొనను సుత్తితో కొట్టి మొద్దు చేయాలి. వాడి మొన నారలను పక్కకు తోసి చీలుస్తుంది, మొద్దు మొన వాటిని తెంపుకుంటూ దిగుతుంది. మా ఆచారి అట్లే చేశాడు, ఒక్క కట్టె కూడా చీలలేదు.

బోర్డులకు వాడే నల్ల స్క్రూలతోనే ఫ్రేము కూడా బిగిద్దామా అంటే గట్టిగా వద్దన్నారు. అవి పెళుసు, పక్క నుంచి బరువు పడితే విరిగిపోతాయి. మేకు అయితే వంగి ఓర్చుకుంటుంది.

ఒక్క లోటు. నేలకు ఆనే కట్టె రాగి కలిసిన మందు పట్టించినది, అందులో మామూలు ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. కరిగిన జింకులో ముంచి తీసిన మేకులు కావాలి. అవి కొట్టులో లేవు. పని కుర్రాడు తళతళలాడే మేకులు చూపించాడు గానీ, వాటికి పూత పల్చన అని ఆయనే పక్కన పెట్టించి, సరైనవి తెప్పించి ఇచ్చారు. దానివల్ల పని కాస్త ఆగింది. ధర మిగతా చోట్ల కంటే కిలోకు కొద్దిగా ఎక్కువే. బిల్లు కావాలంటే అడిగి తీసుకోవాలి.

వెళ్లేటప్పుడు మీరు వాడే కట్టెలో ఒక ముక్క కోసి పట్టుకెళ్లండి. దాని మీదే ఒక మేకు కొట్టి చూపించి, ఆ తర్వాతే తూకం వేస్తారు.