ప్రాజెక్ట్ ఇంప్లిసిట్ ఐఏటీ: కొలత గట్టిదే, ఇచ్చే చీటీతోనే పేచీ

ఫలానా వాళ్ల గురించి మీరేమనుకుంటున్నారని అడిగితే ఎవరైనా కాస్త ఆలోచించి, సర్దుకుని జవాబు చెబుతారు. ఆ సర్దుకునే వ్యవధి ఇవ్వకుండా, మనసులో ఏది దేనితో ముడిపడి ఉందో చూద్దామని పుట్టిందే ఇంప్లిసిట్ అసోసియేషన్ టెస్ట్. పొట్టిగా ఐఏటీ. మనస్తత్వ శాస్త్రవేత్తలు గ్రీన్‌వాల్డ్, మెక్‌గీ, ష్వార్ట్జ్ 1998లో దీన్ని ప్రచురించారు. ఈ పరీక్షను ఎవరైనా రాసుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టిన సైట్ ప్రాజెక్ట్ ఇంప్లిసిట్. దాన్ని నెలకొల్పిన ముగ్గురు గ్రీన్‌వాల్డ్, మహ్‌జరీన్ బనాజీ, బ్రయన్ నోసెక్. ఆ సైట్‌లో జాతి, వయసు, చర్మం రంగు, శరీర బరువు, వైకల్యం, లైంగికత ఇలా చాలా అంశాల మీద పరీక్షలున్నాయి. డబ్బు కట్టక్కర్లేదు, ఒక్కోదానికి పది నిమిషాలు పడుతుంది.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. వందల మందిని కలిపి చూడటానికి ఇది మంచి సాధనం. ఒక మనిషికి "నీ మొగ్గు ఇదీ" అని చీటీ రాసివ్వడానికి సరిపోదు. సైట్ మాత్రం ఆ చీటీయే ఇస్తుంది.

నడిచే తీరు తెలిస్తే పేచీ ఎక్కడుందో అర్థమవుతుంది. 1998 నాటి తొలి ప్రయోగాల్లోని పువ్వులు, పురుగుల జతనే తీసుకుందాం. ఎడమ వేలు ఇంగ్లిష్ "ఇ" (E) కీ మీద, కుడి వేలు "ఐ" (I) కీ మీద. మొత్తం ఏడు రౌండ్లు. మొదటి రౌండులో 20 పదాలు: పువ్వు పేరొస్తే ఎడమ, పురుగు పేరొస్తే కుడి. రెండో రౌండులో ఇంకో 20: మంచి మాటకు ఎడమ, చెడ్డ మాటకు కుడి. మూడో రౌండులో రెండూ కలుస్తాయి. పువ్వు వచ్చినా మంచి మాట వచ్చినా ఎడమే. అది 20 సార్లు, నాలుగో రౌండులో అదే 40 సార్లు. ఐదులో పువ్వులు, పురుగులు పక్కలు మారతాయి. ఆరు, ఏడు రౌండ్లలో మారిన పక్కలతోనే మళ్లీ 20, 40.

అసలు సంగతి ఆరో రౌండులో తెలుస్తుంది. తెర మీద ఎడమ మూల "పురుగులు, మంచి" అని, కుడి మూల "పువ్వులు, చెడు" అని ఉంటుంది. మధ్యలో "గులాబీ" పడుతుంది. అంతకుముందు అరవై సార్లు కలిసి నడిచిన అలవాటుకు ఎడమ వేలు కదలబోతుంది, ఆగుతుంది, కుడి వేలు కిందికి దిగుతుంది. వెంటనే "సంతోషం". ఈసారి కుడి వేలు తప్పు చేస్తుంది. తెర మీద ఎర్రటి గుణకారం గుర్తు పడుతుంది, సరైన కీ నొక్కేదాకా పోదు. దిద్దుకోవడానికి పట్టిన సమయమూ లెక్కలోకి వెళ్తుంది. ఐఏటీ కొలిచేది ఈ తడబాటునే. పువ్వులు, పురుగుల బదులు రెండు రకాల ముఖాలు పెట్టినా పద్ధతి మారదు.

లెక్క 2003లో దిద్దిన సూత్రం ప్రకారం జరుగుతుంది. 10,000 మిల్లీసెకన్లు దాటిన జవాబులు తీసేస్తారు. పది శాతానికి మించిన జవాబులు 300 మిల్లీసెకన్ల లోపే వచ్చాయంటే ఆ మనిషి చూడకుండా నొక్కేశాడన్నమాట, మొత్తం ఫలితమే పక్కన పెడతారు. మిగిలినదాంట్లో రెండు రకాల జతల సగటు వేగాల తేడాను, ఆ జవాబులన్నింటి ప్రామాణిక విచలనంతో, అంటే అవి సగటు చుట్టూ ఎంతగా చెదిరి ఉన్నాయో చెప్పే అంకెతో, భాగిస్తారు. ఉదాహరణకు ఒక జతకు సగటు 720 మిల్లీసెకన్లు, తిరగేసిన జతకు 880, విచలనం 320 అనుకుంటే, 160ని 320తో భాగిస్తే 0.50. అసలు పద్ధతిలో మూడు-ఆరు రౌండ్లకు ఒకసారి, నాలుగు-ఏడుకు ఒకసారి ఇలా చేసి సగటు తీస్తారు. అదే స్కోరు. భాగహారం ఎందుకంటే, మామూలుగానే నిదానంగా నొక్కేవాళ్లకు మిల్లీసెకన్లలో తేడా కూడా పెద్దగా కనిపిస్తుంది. వాళ్లకు లేని మొగ్గు అంటగట్టకుండా ఇది చాలావరకు కాపాడుతుంది. ఇది నిజంగా తెలివైన దిద్దుబాటు.

ఇక చీటీ. స్కోరు 0.15 దాటితే "కొద్దిపాటి", 0.35 దాటితే "మధ్యస్థ", 0.65 దాటితే "బలమైన" మొగ్గు అంటారు. చక్కగా ఉంది కదా అనిపిస్తుంది. కానీ అదే మనిషి మళ్లీ రాస్తే రెండు స్కోర్ల మధ్య సహసంబంధం (రెండు అంకెలు ఎంతగా కలిసి కదులుతాయో చెప్పే కొలత; 0 అంటే అసలు లేదు, 1 అంటే పూర్తిగా) సగటున 0.5 దగ్గరే ఉంటుంది. పరీక్ష విశ్వసనీయత అంటే ఇదే. దీని అర్థం కాగితం మీద పెట్టి చూడండి. జనంలో స్కోర్ల విచలనం 0.40 అనుకుందాం. 0.5 విశ్వసనీయతతో ఒక్క స్కోరులో ఉండే కొలత దోషం సుమారు 0.28. "మధ్యస్థ" అనే గడి వెడల్పేమో 0.30. అంటే 0.50 వచ్చిన మనిషి అసలు స్థాయి 0.22 కావచ్చు, 0.78 కూడా కావచ్చు. మూడు గడుల్లో ఏదైనా అవ్వొచ్చు. తక్కెడ తూకమంత తేడా చూపిస్తుంటే పక్కన దశాంశాలు రాసి ఏం లాభం? ఫలితం మారొచ్చనీ, మనుషుల ఎంపిక లాంటి పనులకు వాడొద్దనీ సైట్ హెచ్చరిస్తుంది. హెచ్చరిక చదివేవాళ్ల కంటే, ముద్దక్షరాల్లో కనిపించే ఆ ఒక్క ఫలితం వాక్యాన్ని ఫొటో తీసి పంచుకునేవాళ్లే ఎక్కువ.

స్కోరును పాడుచేసే చిన్న విషయాలు కొన్నున్నాయి. ముందు ఏ జత వస్తే దానికి కాస్త అనుకూలంగా ఫలితం వంగుతుంది. ఐదో రౌండులో సాధన పెంచితే ఈ దోషం తగ్గుతుంది. మధ్యలో ఫోన్ మోగితే రెండు మూడు జవాబులు సాగిపోతాయి, అవి పది సెకన్లు దాటకపోతే జల్లెడలోంచి జారి లెక్కలోకి వచ్చేస్తాయి. కిటుకు తెలిసినవాడు తనకు తేలికైన జతలో కావాలని నిదానిస్తే స్కోరు సున్నా వైపు వస్తుంది. అందుకే, ఇందులో మోసం చేయడం కుదరదనే ప్రచారాన్ని నమ్మొద్దు.

పెద్ద విషయం వేరే ఉంది. మూలల్లో రాసిన పేరే ఫలితాన్ని తిప్పేస్తుంది. మిచెల్, నోసెక్, బనాజీ 2003లో ఇష్టమైన నల్లజాతి క్రీడాకారుల పేర్లు, ఇష్టం లేని తెల్లజాతి రాజకీయ నాయకుల పేర్లు పెట్టి చూశారు. జాతి ప్రకారం విడదీయమంటే మొగ్గు తెల్లవారి వైపు, వృత్తి ప్రకారం విడదీయమంటే క్రీడాకారుల వైపు. పేర్లు అవే, నొక్కే వేళ్లూ అవే. ఒకే మనిషిని ఏ గుర్తింపుతో చూడమన్నారన్నదాన్ని బట్టి మనసు వేరే ముడి విప్పుతుంది. కాబట్టి "ఫలానా వాళ్ల పట్ల నా మొగ్గు" అనేది రక్తంలో చక్కెరలా ఒకే అంకె కాదు.

ఇంకో వాదన కూడా ఎప్పటి నుంచో నలుగుతోంది. తడబాటు వచ్చింది నా అభిప్రాయం వల్లనా, చుట్టూ వినిపించే మాటలు నాకూ తెలిసి ఉండటం వల్లనా? ఓల్సన్, ఫేజియో 2004లో "మంచి, చెడు" అనే శీర్షికల బదులు "నాకు ఇష్టం, నాకు ఇష్టం లేదు" అని పెట్టి, తప్పు గుర్తు తీసేసి చూశారు. జాతి మొగ్గు తగ్గింది. ప్రాజెక్ట్ ఇంప్లిసిట్‌లో కనిపించేది పాత శీర్షికల పద్ధతే.

స్కోరు ప్రవర్తనను ఎంత చెబుతుందన్న లెక్క ఏళ్లు గడిచేకొద్దీ కుదించుకుపోయింది. 2009లో గ్రీన్‌వాల్డ్ బృందం పాత అధ్యయనాలను కలిపి 0.27 సహసంబంధం చూపించింది. 2013లో ఆస్వాల్డ్ బృందం జాతి, తెగల విషయాల్లో తీస్తే 0.15 దగ్గరికి దిగింది. 2019లో 217 నివేదికలు కలిపిన కుర్డీ బృందానికి వచ్చింది 0.10. 0.15 అంటే ప్రవర్తనలో తేడాల్లో రెండు శాతమే ఈ స్కోరుతో కలిసి కదులుతోందని. స్కోరు తగ్గిస్తే ప్రవర్తన బాగుపడుతుందనే ఆశ కూడా అంతగా నిలబడలేదు. 2016లో లై బృందం 18 విశ్వవిద్యాలయాల్లో, అప్పటికప్పుడు స్కోరును కదిలించే తొమ్మిది పద్ధతులను పరీక్షిస్తే, కొన్ని గంటల నుంచి కొన్ని రోజుల్లోపే అన్నీ కరిగిపోయాయి. సిబ్బంది శిక్షణలో "ముందు ఐఏటీ, చివర ఐఏటీ, చూశారా ఎంత మారారో" అని ముగించేవాళ్లు చూపిస్తున్నది ఇలా కరిగిపోయే అంకెనే.

మరి ఎందుకు వాడాలంటే, గుంపుల లెక్కకు. ఒక్కొక్కరి దోషాలు వేలమందిలో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. చార్ల్స్‌వర్త్, బనాజీ 2007 నుంచి 2016 దాకా సైట్‌లో పోగైన 44 లక్షల పరీక్షలను చూస్తే, లైంగికత విషయంలో మొగ్గు 33 శాతం, జాతి విషయంలో 17 శాతం, చర్మం రంగులో 15 శాతం తగ్గింది. వయసు, వైకల్యం విషయాల్లో దాదాపు కదల్లేదు, బరువు విషయంలో తగ్గనే లేదు. ఇలాంటి చిత్రం మామూలు ప్రశ్నాపత్రంతో దొరకడం కష్టం. సమాచారంలో చాలా భాగం పేర్లు తీసేసి బయట పెట్టారు, పరిశోధక విద్యార్థులకు అదొక గని.

దగ్గరి సంబంధాల మీద పనిచేసేవాళ్లకు ఇదొక్కటే దారి కాదు. 2013లో మెక్‌నల్టీ బృందం 135 కొత్త జంటలకు జీవిత భాగస్వామి ఫొటో లిప్తపాటు చూపించి, వెంటనే వచ్చే పదం మంచిదో చెడ్డదో చెప్పమంది. ఆ వేగాల తేడా నాలుగేళ్లలో దాంపత్య తృప్తి ఎటు పోతుందో కొంత చెప్పింది, పెళ్లయిన కొత్తలో నోటితో చెప్పిన మాట చెప్పలేకపోయింది. అక్కడ తెర మీద ఉన్నది "భార్యలు" అనే శీర్షిక కాదు, తన మనిషి ముఖం. ఎవరి గురించి అడుగుతున్నామో అంత నికరంగా ఉంటే ఈ రకం కొలతలు మెరుగ్గా పనిచేస్తాయని మా నమ్మకం.

సొంతానికి రాసి చూసుకునేవాళ్లు కంప్యూటర్ మీద, కీబోర్డుతో, నోటిఫికేషన్లు ఆపేసి రాయండి. ఒకసారితో ఆపకుండా వేర్వేరు రోజుల్లో నాలుగుసార్లు రాసి, వచ్చిన మాటలు రాసిపెట్టుకోండి. పైన వేసిన లెక్క ప్రకారం నాలుగింటి సగటులో దోషం 0.28 నుంచి 0.14కు దిగుతుంది, విశ్వసనీయత 0.8కి చేరుతుంది. ఒక్క చిక్కు: చేయి తిరిగేకొద్దీ తడబాటు తగ్గుతుంది కాబట్టి రెండోసారి నుంచి స్కోరు సున్నా వైపు జరుగుతుంది. నాలుగో రోజు "కొద్దిపాటి" అని వచ్చిందంటే అందులో మారిన మనసు ఎంతో, అలవాటు పడ్డ వేళ్లు ఎంతో విడదీసి చెప్పే వీలు ఆ సైట్‌లో లేదు.