ఫేజ్ పరికరంతో ఆరేళ్లు: ఓహెచ్ తూకంలో పాసంగం సంగతి

గాలిలోని ఓహెచ్ రాడికల్‌ను (ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ కలిసిన, ఎక్కువగా ఎండ వల్ల పుట్టే చురుకైన కణం) కొలిచే ఫేజ్ (FAGE) పరికరంతో ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. ఈ పద్ధతిని 1980లలో అమెరికాలోని పోర్ట్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీలో హార్డ్, ఓబ్రయన్ బృందం తయారుచేసింది. మాది మా ల్యాబులోనే కట్టుకున్నది. "దీని అంకెల్ని ఎంతవరకు నమ్మొచ్చు?" అని కొత్తగా చేరిన ప్రతి విద్యార్థీ అడుగుతాడు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

ముందు మంచి మాట. ఎండ కాసే మధ్యాహ్నం కూడా ఒక ఘన సెంటీమీటరు గాలిలో ఓహెచ్ కొన్ని పదుల లక్షలే ఉంటుంది. అదే చోట మొత్తం గాలి అణువులు సుమారు రెండున్నర లక్షల కోటి కోట్లు! పైగా ఓహెచ్ సెకను కూడా బతకదు కాబట్టి సీసాలో పట్టి తెచ్చుకోలేం, పరికరాన్నే గాలి దగ్గరికి మోసుకెళ్లాలి. ఫేజ్ ఆ గాలిని సన్నని రంధ్రంలోంచి బాగా తక్కువ పీడనంలోకి లాగి, 308 నానోమీటర్ల లేజర్ వేసి, ఓహెచ్ మెరుపును లెక్కపెడుతుంది. పంపుల రొద భరించాలి, లేజర్‌ను రోజూ సరిచూసుకోవాలి. అవి పెద్ద కష్టాలు కావు. సున్నితత్వంలో నన్ను ఎప్పుడూ నిరాశపరచలేదు.

నాకు నిద్ర లేకుండా చేసింది సున్నా, అంటే బయటి ఓహెచ్ లేకపోయినా పరికరం చూపే సిగ్నల్. తక్కెడ తీసుకున్నవాడు ముందు పాసంగం చూసుకుంటాడు కదా, ఇక్కడా అంతే. మొదట్లో లేజర్ తరంగదైర్ఘ్యాన్ని కాస్త పక్కకు జరిపితే వచ్చే సిగ్నల్‌నే సున్నాగా తీసుకునేవాళ్లం. చెదిరిన కాంతి దాంతో పోతుంది. కానీ పరికరం లోపలే పుట్టే ఓహెచ్ పోదు, అది కూడా అసలు ఓహెచ్‌లాగే మెరుస్తుంది మరి.

ఇది నాకు తెలిసొచ్చింది మూడో ఏడు, ఒక పైన్ అడవిలో. అర్ధరాత్రి, సూర్యుడు లేడు, అయినా తెరమీద పగటి అంకెల్లో సగం కనిపిస్తున్నాయి. మొదట సంతోషించాను, తర్వాత టెన్షన్ మొదలైంది. చివరికి ఇన్‌లెట్ ముందు ప్రొపేన్ కలిపే ఏర్పాటు చేశాం. బయటి ఓహెచ్ దాదాపు అంతా లోపలికి చేరకముందే ప్రొపేన్‌తో కలిసి పోతుంది. ఇంకా మిగిలే సిగ్నల్ ఎక్కువగా లోపల పుట్టినదే. ఆ రాత్రి మేం చూసినదాంట్లో ఎక్కువ భాగం అలాంటిదే అని తేలింది. ఇప్పుడు ప్రొపేన్ లేకుండా ఒక్క రోజు కూడా కొలవను.

క్యాలిబ్రేషన్‌కి, అంటే ఎంత సిగ్నల్‌కి ఎంత ఓహెచ్ అని తేల్చుకోవడానికి, మెర్క్యురీ ల్యాంపు వాడతాం. దాని 185 నానోమీటర్ల కాంతి నీటి ఆవిరిని విడగొట్టినప్పుడు ఓహెచ్, దాని దగ్గరి చుట్టమైన హెచ్ఓ2 రాడికల్ సమానంగా పుడతాయి. ఎంత పుట్టాయో తెలియాలంటే ల్యాంపు కాంతి, తేమ, గాలి వేగం మూడూ సరిగ్గా తెలియాలి. ఎంత జాగ్రత్తపడ్డా మాకు 15 శాతం అటూ ఇటూ తేడా ఉంటూనే ఉంది. దాన్ని చిన్నదిగా చూడలేను, ఎందుకంటే మీథేన్ గాలిలో దాదాపు తొమ్మిది పదేళ్లకు పోయేది ప్రధానంగా ఈ ఓహెచ్ వల్లే.

హెచ్ఓ2 విషయంలో ఇంకో చిక్కు. నైట్రిక్ ఆక్సైడ్ కలిపి దాన్ని ఓహెచ్‌గా మార్చి కొలుస్తాం. అదే వాయువు చెట్లు వదిలే ఐసోప్రీన్ లాంటి వాటినుంచి వచ్చిన పెరాక్సీ రాడికల్స్‌ను (ఇవీ హెచ్ఓ2 తరహావే) కూడా కొంత ఓహెచ్‌గా మారుస్తుంది. అందుకే వాయువు తగ్గించాను. సిగ్నల్ తగ్గింది, అయినా ఆ బేరం నాకు ఇష్టమే.

కొత్తగా కట్టుకునేవాళ్లు డబ్బు తక్కువైతే లేజర్ పవర్ కాస్త తగ్గించుకోండి, ప్రొపేన్ ఏర్పాటు మాత్రం మానకండి. వీలైతే వేరే పద్ధతి పరికరం పక్కన పెట్టి పోల్చుకోండి. 2005లో జర్మనీలోని యూలిష్‌లో చాలా బృందాలు కలిసి అదే పని చేశాయి.

మా మొదటి రెండు వేసవుల డేటాకి ప్రొపేన్ సున్నా లేదు. ఆ రాత్రి అంకెలు ఎవరికీ ఇవ్వడం లేదు. పగటివి అడిగితే, ఫైలు మొదటి వరుసలోనే ఆ సంగతి రాసి ఇస్తున్నాను.