ఏదీ అమ్మని వాళ్ల సలహా: క్లీన్ సిటీస్ కూటమితో మా అనుభవం (4/5)

మా బావ ఇక్కడ అమెరికాలో ఎయిర్‌పోర్ట్ షటిల్ నడుపుతాడు. ఐదు వ్యాన్లు, ఐదూ పెట్రోలువే. పోయిన ఏడాది నుంచి ఒకటే గోల, రెండైనా ఎలక్ట్రిక్ చేసేయాలని. డీలర్ దగ్గరికి వెళ్తే తన లాట్‌లో ఉన్న వ్యాన్ తప్ప ఇంకోటి పనికిరాదన్నాడు, పెట్రోలు బండిని ప్రొపేన్ గ్యాస్‌కి మార్చేవాడి దగ్గరికి వెళ్తే ప్రొపేన్ తప్ప దిక్కులేదన్నాడు. తన పెరుగు పుల్లగా ఉందని ఎవరు చెప్పుకుంటారు చెప్పండి. అప్పుడు ఎవరో క్లీన్ సిటీస్ వాళ్లని అడగమన్నారు.

తెలియనివాళ్ల కోసం: 1992లో వచ్చిన ఎనర్జీ పాలసీ చట్టం తర్వాత, 1993లో అమెరికా ఇంధన శాఖ మొదలుపెట్టిన కార్యక్రమం ఇది. మొదటి కూటమి అట్లాంటాలో పెట్టారు, ఇప్పుడు దేశమంతా కలిపి 70 పైనే ఉన్నాయి. కూటమి అంటే మనకి ఎన్నికలే గుర్తొస్తాయి గానీ ఇక్కడ సిటీ వాళ్లు, బస్సులు నడిపేవాళ్లు, కరెంటు కంపెనీలు, ఇంధనం అమ్మేవాళ్లు ఒకచోట కూర్చుని రవాణాలో పెట్రోలు వాడకం ఎలా తగ్గించాలో చూస్తారు. అమ్మేవాళ్లు అందులో ఉన్నా కూటమి తనంతట తాను ఏదీ అమ్మదు, మాకు ఫీజేమీ అడగలేదు.

మా ఏరియా కూటమి నుంచి ఒకావిడ స్వయంగా వ్యాన్లు పెట్టుకునే యార్డుకి వచ్చారు. ఏ వ్యాన్ కొంటారని అడుగుతారేమో అనుకున్నాం. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "ఒక్కో వ్యాన్ ఆగి ఉన్నప్పుడు ఇంజన్ ఎంతసేపు ఆన్‌లో ఉంటుంది?" బావ నా మొహం చూశాడు. అది ఎవరు లెక్కపెట్టారు? ఒక వారం రాసి చూడమన్నారు, డ్రైవర్లకి తలా ఒక చిన్న నోట్‌బుక్ కొనిచ్చాం.

వారం తర్వాత చూస్తే ప్యాసింజర్ల కోసం వెయిట్ చేస్తూ, ఏసీ వేసుకుని, ఒక్కో వ్యాన్ రోజుకి సుమారు రెండు గంటలు ఊరికే నడుస్తోంది. ఇంజన్ సైజుని బట్టి, ఏసీని బట్టి ఆగి ఉన్న బండి గంటకి పావు నుంచి అర గ్యాలన్ తాగుతుందట. ఐదు వ్యాన్లకి పది గంటలు, అంటే రెండున్నర నుంచి ఐదు గ్యాలన్లు, ఒక్క మైలు కూడా కదలకుండా! ఆ కాగితం చూసి బావ కాసేపు ఏమీ మాట్లాడలేదు, అది మా ఇంట్లో చాలా అరుదు. మాటిమాటికీ ఆపి స్టార్ట్ చేస్తే ఇంకా ఎక్కువ తాగుతుంది కదా అని వాదించాడు తర్వాత. అదంతా కార్బ్యురేటర్ల కాలం మాట, ఇప్పటి ఇంజన్లకి పది సెకన్లకి మించి ఆగేటట్టయితే ఆపేయడమే నయం అన్నారు ఆవిడ. మరీ ఎండగా ఉన్న రోజు డ్రైవర్‌ని ఉడకబెట్టమని మాత్రం ఎవరూ అనలేదు, వెయిటింగ్‌లో నీడ చూసుకోమన్నారు. పెట్రోలు బిల్లు బాగానే తగ్గిందట. ఎంత తగ్గిందో బావ నాకు చెప్పడు, చెప్తే పార్టీ అడుగుతానని భయం.

రెండో సంగతి ఇంకా తమాషా. రెండు వ్యాన్లకి పెట్రోలు మూత పసుపు రంగులో ఉంటుంది, ఇన్నేళ్లూ అది కంపెనీవాడి సరదా అనుకున్నాం. అవి ఫ్లెక్స్ ఫ్యూయల్ వ్యాన్లట, అంటే మామూలు పెట్రోలే కాదు, ఇథనాల్ బాగా కలిపిన ఈ85 అనే పెట్రోలు కూడా పోయించుకోవచ్చట. ఈ85 అన్నారని ఇథనాల్ సరిగ్గా 85 శాతం ఉంటుందనుకోకండి, కాలాన్ని బట్టి ప్రాంతాన్ని బట్టి అది 51 నుంచి 83 శాతం మధ్య ఉంటుంది. ఇథనాల్ మరీ ఎక్కువున్నప్పుడు గ్యాలన్‌కి శక్తి పెట్రోలు కన్నా దాదాపు 27 శాతం తక్కువ, మైలేజీ కూడా ఆ మేరకు పడిపోతుంది. అంటే మామూలు పెట్రోలు 3 డాలర్లు ఉంటే ఈ85 ధర 2 డాలర్ల 20 సెంట్ల దగ్గరికి వస్తే తప్ప డబ్బుల పరంగా లాభం లేదు. మాకు దగ్గర్లో ఉన్న ఈ85 పంపు 14 మైళ్ల దూరం. పోనూ రానూ 28 మైళ్లు తిరిగి పెట్రోలు ఆదా చేస్తామా! "మీకు ఇది వద్దులెండి" అని ఆవిడే అనేశారు. ఆ ఒక్క మాటతో నాకు నమ్మకం కుదిరింది.

చివరికి ఒకే ఒక్క వ్యాన్ ఎలక్ట్రిక్‌ది తీసుకుందామని తేలింది, రోజూ అవే హోటళ్లకి తిరిగే రూట్‌కి. రాత్రంతా యార్డులోనే ఉంటుంది కాబట్టి నిదానంగా కొన్ని గంటల్లో నింపే లెవెల్ 2 చార్జర్ చాలు, ఫాస్ట్ చార్జర్ ఖర్చు పెట్టక్కర్లేదు. ఇక్కడో హెచ్చరిక. డీలర్ ఇచ్చిన పాంప్లెట్‌లో ఎలక్ట్రిక్ బండి కొంటే కేంద్రం ఇచ్చే పన్ను రాయితీ, అదే ఫెడరల్ టాక్స్ క్రెడిట్, ఇంకా ఘనంగా మెరుస్తోంది, అది కాస్తా 2025 సెప్టెంబరు 30తో ఆగిపోయింది. రాష్ట్రాలు, కరెంటు కంపెనీలు ఇచ్చే రాయితీలు ఏమైనా ఉంటే ఇంధన శాఖ వారి ఆల్టర్నేటివ్ ఫ్యూయల్స్ డేటా సెంటర్ అనే వెబ్‌సైట్‌లో రాష్ట్రాల వారీగా ఉంటాయి, డీలర్ మాట కన్నా అది చూసుకోవడం మేలు.

అదే సైట్‌లో స్టేషన్ లొకేటర్ కూడా ఉంది. ఎలక్ట్రిక్ ఒక్కటే కాదు, సీఎన్‌జీ, ప్రొపేన్, హైడ్రోజన్, బయోడీజిల్ అన్నీ మ్యాప్‌లో దొరుకుతాయి. నాది పాత నిస్సాన్ లీఫ్ ఎలక్ట్రిక్ కారు, ఫాస్ట్ చార్జింగ్‌కి చాడెమో ప్లగ్ కావాలి. అన్ని చార్జర్లూ చూస్తే మ్యాప్ నిండా చుక్కలే, చాడెమో అని ఫిల్టర్ పెట్టగానే బట్టతల మీద వెంట్రుకల్లా అక్కడొకటి ఇక్కడొకటి. పాత కారు కొనేముందు ఈ ఫిల్టర్ ఒక్కసారి నొక్కి చూసుంటే నాకు చాలా టెన్షన్ తప్పేది. చార్జర్ ఉందని చూపిస్తే సరిపోదు, కింద టైమింగులు, ఎవరికి పర్మిషన్ ఉందో కూడా చదవాలి. నేను చదవకుండా వెళ్లి ఒక ఆఫీసు పార్కింగ్ గేటు బయట అరగంట నిలబడ్డాను, తప్పు నాదే. ఇంకోసారి గేటు తెరిచే ఉంది గానీ చార్జరే చచ్చి ఉంది, స్క్రీన్ మీద ఎవరో చూయింగ్ గమ్ కూడా అంటించారు. అందుకే బయల్దేరేముందు ఆ చార్జింగ్ నెట్‌వర్క్ వాళ్ల సొంత యాప్ కూడా ఒకసారి తెరవండి.

ఒక స్టార్ ఎందుకు కోశానంటే, వీళ్ల దృష్టంతా చాలా బండ్లు నడిపే ఫ్లీట్‌ల మీదే, స్కూలు బస్సులు, చెత్త లారీలు, సిటీ బండ్లు. నా ఒక్క కారు గురించి మెయిల్ పెడితే రిప్లై రావడానికి మూడు వారాలు పట్టింది, వచ్చింది కూడా ఒక లింకు. సైట్‌లో సమాచారం కొండంత ఉంది గానీ రాసిన తీరు ఆఫీసు ఫైలులా ఉంటుంది, బావ రెండు నిమిషాల్లో ఫోన్ నా చేతిలో పెట్టేసి నువ్వే చదువు అన్నాడు. సైట్ చూసి ఆగిపోకండి, మీ కూటమిలో మనిషిని పట్టుకోండి. వెళ్లేముందు ఆరు నెలల పెట్రోలు బిల్లులు, ఒక్కో బండి తిరిగిన మైళ్లు ఒక కాగితం మీద రాసుకోండి. మేమైతే బూట్ల డబ్బా నిండా నలిగిన రసీదులు ఆవిడ ముందు కుమ్మరించాం, అందులోంచి రెండు పిజ్జా బిల్లులు కూడా బయటపడ్డాయి.