సూది, మూరెడు దారం: చేతికుట్టుతో ఇన్నేళ్ళు

చేతికుట్టు తెప్పించే చిరాకులో సగం దారం పొడవు దగ్గరే ఉంది. మాటిమాటికి సూదిలోకి ఎక్కించే బాధ తప్పుతుందని చాలామంది బారెడు తెంపుతారు. నాలుగు కుట్లు పడేసరికి అది మెలితిరిగి, గట్టిగా లాగితే ముడిపడి ఊరుకుంటుంది. "మూరెడే తెంపు బిడ్డా, అంతకు మించితే నీ మాట ఇనది" అనేది మా అమ్మ. మూర అంటే 18 అంగుళాలు. నాకు ఇప్పటికీ అదే కొలత. కుట్టే కొద్దీ దారానికి మెలి ఎక్కుతూనే ఉంటుంది. అప్పుడప్పుడు సూదిని వదిలేసి వేలాడనిస్తే దానంతట అదే గిర్రున తిరిగి మెలి విప్పుకుంటుంది. ఆ పాటి ఆగడం నాకు ఇష్టం కూడా.

మాది మహబూబ్‌నగర్. ఇంట్లో గద్వాల చీరలు ఎక్కువ. అందుకే నా సూది ఎక్కువగా ఫాల్ మీదే నడిచింది. గద్వాల చీర ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఉతికితే రెండూ ఒకేలా ముడుచుకోవు. దాని మీద మెషిన్ కుట్టు బిగుతుగా పడితే అంచు ముడతలు పోతుంది, విప్పితే పట్టు మీద సూది బెజ్జాలు వరుసగా కనిపిస్తాయి. చేతితో వేసిన ఫాల్ చీరతో పాటే ఒదిగి ఉంటుంది, పాతబడ్డాక దారం తెంపి లాగితే సులువుగా ఊడివస్తుంది. ఖరీదైన చీరకు చేతి ఫాలే వేయాలని గట్టిగా చెప్తాను.

పని ఇలా సాగుతుంది. కొత్త ఫాల్‌ని ముందు నీళ్ళలో నానేసి, ఆరేసి, ఇస్త్రీ చేయాలి. నూలు ఫాల్ తర్వాత ముడుచుకుంటే చీరనంతా లాగేస్తుంది. చీర మీద పరిచి కచ్చా కుట్టు, అంటే తర్వాత తీసేసే వదులు కుట్టు, వేసుకోవాలి. ఆపై అసలు హెమ్మింగ్: సూది మొనతో చీర పోగులు ఒకటో రెండో మాత్రమే ఎత్తి, ఫాల్ అంచులోకి దూర్చి, లాగాలి. ఎక్కువ లాగితే గుంట పడుతుంది, వదులైతే కాలివేలు తగులుకుంటుంది. సరైన బిగువు చేతికి తెలిసిన రోజు నుంచి ఈ పని వదలబుద్ధి కాదు. చీర తిప్పి చూస్తే ఆవగింజల్లా చుక్కలు వరుసగా ఉంటాయి, అంతే.

సూదుల నంబర్లు చూసి కొనాలి. నంబరు పెరిగే కొద్దీ సూది సన్నబడుతుంది. పట్టుకు నేను 10 వాడతాను, మామూలు నూలుకు 7 చాలు. కలగలుపు ప్యాకెట్‌లో సగం సూదులు నాకు పనికిరావు. దారం ఎక్కకపోతే సూదిని అటు తిప్పి చూడండి, చాలా సూదుల్లో కన్ను ఒకవైపు కాస్త విశాలంగా ఉంటుంది. వెనక తెల్ల కాగితం పెడితే కన్ను బాగా కనిపిస్తుంది. వేలితొడుగు మొదట్లో అడ్డంగా అనిపిస్తుంది, అయినా వదలకండి. దర్జీలు పెట్టుకునే పైన తెరిచి ఉన్న రకం మధ్యవేలికి హాయిగా ఉంటుంది, గోరుకు గాలి తగులుతుంది.

నా పెట్టెలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది తేనెమైనం ముద్ద. అచ్చంపేట వైపు వెళ్ళినప్పుడు తెచ్చుకుంటాను, అమ్రాబాద్ అడవుల్లో చెంచులు తేనె తీస్తారు కదా. నూలు దారాన్ని ఆ ముద్ద మీదుగా రెండుసార్లు లాగి, కాగితం మధ్య పెట్టి ఇస్త్రీ చేస్తే పీచు అణిగిపోతుంది, చిక్కులు బాగా తగ్గుతాయి. బొత్తాలు కుట్టడానికి ఇంతకు మించింది లేదు.

ఎంత చేసినా పోని ఇబ్బందులూ ఉన్నాయి. పాలిస్టర్ దారం ముడి జారుతుంది, రెండు ముళ్ళు వేయాల్సిందే. మే నెలలో మా ఊరి ఎండకు వేళ్ళు చెమర్చి సూది జారుతుంది, పట్టు మీద మరక భయం వేరే. ఆ నెలలో తెల్లారగట్ల తప్ప ముట్టను. నల్ల బట్ట మీద నల్ల దారం రాత్రిపూట లైటు కింద కుట్టడం కళ్ళకు శిక్ష. మెడనొప్పి తగ్గాలంటే బట్టను ఒళ్ళో కాకుండా దిండు మీద ఎత్తుగా పెట్టుకోవాలి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఫాల్‌తో కాదు, బొంతతో మొదలుపెట్టాలని నా అభిప్రాయం. పాత నూలు చీరలు మడతలుగా పరిచి, లావు దారంతో అంచు నుంచి లోపలికి వరుస వెంట వరుస నడిపించడమే. కుట్టు వంకర పోయినా బొంత వెచ్చగానే ఉంటుంది, చెయ్యి మాత్రం దానంతట అదే కుదురుకుంటుంది. దేవరకొండ తండాల్లో లంబాడీ ఆడవాళ్ళు అద్దం చుట్టూ దారం అల్లడం ఎప్పుడైనా పక్కన కూర్చుని చూడండి. అద్దానికి బెజ్జం ఉండదు, దాని మీదుగా అడ్డంగా నిలువుగా వేసిన దారాలే దాన్ని పట్టి ఉంచుతాయి. అది నేర్చుకోవాలని నాకు చాలా ఆశ.

లంగాల పక్క కుట్లు, దిండు గలీబులు మాత్రం మెషిన్‌కే ఇస్తాను. అంత పొడుగు తిన్నని కుట్టులో చేతికి దొరికే సుఖం ఏమీ లేదు.