క్యాన్ తిరగేసి తేదీ చూడందే బీరు కొనకండి: డాలస్‌లో నాకు తగిలిన దెబ్బ

డాలస్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్లకి ఈ పోస్ట్. ముఖ్యంగా మార్చిలో నేను "ఆ స్టోర్‌కి వెళ్లండి, సెలెక్షన్ అదిరిపోయింది" అంటే నమ్మి వెళ్లినవాళ్లకి. వెళ్లమన్నది నేనే కాబట్టి జాగ్రత్త చెప్పాల్సింది కూడా నేనే. స్టోర్ పేరు రాయడం లేదు. రాస్తే పక్క స్టోర్ మంచిదనుకుంటారు. ఆ తర్వాత ఇంకో మూడు చోట్ల చూశాను, అన్నిచోట్లా ఇదే కథ.

2025 జూన్‌లో మా అక్కా బావా హైదరాబాద్ నుంచి వచ్చారు. బావ కాలేజీ రోజుల నుంచి కింగ్‌ఫిషర్ తప్ప ఇంకోటి ముట్టని మనిషి. "క్రాఫ్ట్ బీరంటే ఏంటో ఇక్కడ చూపిస్తా రా బావా" అని నెల రోజులు ఫోన్లో ఊరించాను. టెక్సస్‌లో ఆదివారం లిక్కర్ స్టోర్లు తెరవరు, మిగతా రోజుల్లో రాత్రి 9కి మూసేస్తారు. శనివారం ఎనిమిదిన్నరకి పరుగెత్తాం. ఆ హడావిడే కొంప ముంచింది.

లోపలికి అడుగుపెట్టగానే ఎదురుగా ఒక హేజీ ఐపీఏ (మసకగా ఉండే, హాప్స్ అనే పూల వాసన ఎక్కువుండే బీరు) గుట్ట. నాలుగు పెద్ద క్యాన్ల ప్యాక్, మామూలుగా 17.99 డాలర్లు, పసుపు ట్యాగ్ మీద 7.99. ట్యాగ్ పక్కనే అన్‌టాప్డ్ (తాగినవాళ్లు బీర్లకి ఐదుకి మార్కులు వేసే యాప్) రేటింగ్ 4.3 అని ప్రింట్ తీసి అంటించారు. నేను రెండేళ్ల కింద దాన్ని తయారుచేసే బ్రూవరీకే వెళ్లి తాగిన బీరు అది, మామిడిపండు వాసన ఇప్పటికీ గుర్తుంది. రెండు ప్యాకులు లాగేశాను. తర్వాత "ఆరు ఏరుకోండి" షెల్ఫ్‌లో నుంచి ఒక్కో సీసా చొప్పున ఆరు తీశాం. పచ్చ సీసాలో జర్మన్ పిల్స్‌నర్ (లేత పసుపు లాగర్ బీరు), ఒక ఇంగ్లిష్ ఏల్, బెల్జియం బీరు షిమే బ్లూ, ఇలా. బావ ఫొటోలు తీసుకున్నాడు కూడా.

ఇంటికొచ్చి గ్లాసులో పోశాను. నారింజ రసంలా ఉండాల్సిన హేజీ, పాలు తక్కువైన చాయ్ రంగులో దిగింది. ముక్కు దగ్గర పెడితే మామిడి లేదు, బత్తాయి లేదు. వానకి తడిసిన అట్టపెట్టె వాసన, వెనకాల ఏదో పాకంలాంటి తీపి. బావ ఒక గుక్క తాగి, గ్లాసు వంక చూసి, నా వంక చూసి, "పొద్దుమీరిన కల్లు లెక్కుందిరా" అన్నాడు. బావది నల్లగొండ దగ్గర పల్లె, కల్లు విషయంలో ఆయన మాటకి తిరుగులేదు. కాకపోతే కల్లు ఆలస్యమైతే పులుస్తుంది. ఇది పులవలేదు, చచ్చిపోయింది.

అప్పుడు క్యాన్ తిరగేశాను. అడుగున సన్నటి అచ్చు, 03/11/24. బావ చదివి "నవంబర్ మూడు, ఏడు నెలలేగా" అన్నాడు. కాదు బావా, ఇది అమెరికా, నెల ముందు వస్తుంది, మార్చి 11. పదిహేను నెలలు! ఐపీఏకి అది ముసలితనం కూడా కాదు, తద్దినం.

ఎందుకిలా అవుతుందంటే, ఐపీఏలో మనం డబ్బు పెట్టేది హాప్స్ వాసనకి. ఆ నూనెలు చాలా సున్నితం. క్యాన్‌లో మిగిలిపోయిన ఇసుమంత ఆక్సిజన్ చాలు, మెల్లగా తినేస్తుంది. వేడి తోడైతే ఇంకా తొందరగా. బీరు పరిశ్రమలో 3-30-300 అని ఒక లెక్క చెప్తారు. 90 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో 3 రోజులుంటే ఎంత పాడవుతుందో, 72లో 30 రోజులకి, ఫ్రిజ్ చల్లదనం 38లో 300 రోజులకి అంతే పాడవుతుందట. బండలెక్కే అనుకోండి, అయినా టెక్సస్ ఎండాకాలం గోడౌన్లు, ట్రక్కులు ఒక్కసారి ఊహించుకోండి. మన కారు డిక్కీని కూడా ఆ లెక్కలో వేసుకోవాలి. బీరు కొని, డిక్కీలో పెట్టి, తర్వాత ఇండియన్ గ్రాసరీకి వెళ్లే అలవాటు నాకూ ఉండేది.

పచ్చ సీసా పిల్స్‌నర్ కథ వేరు. మూత తీయగానే మా ఆవిడ వంటింట్లోంచి "ఏంటా కంపు?" అంది. రాత్రిపూట ఇక్కడి హైవేల మీద స్కంక్‌ని (కంపు చిమ్మే ఒక చిన్న జంతువు) ఏదో బండి తొక్కితే వస్తుందే, ఆ వాసన. అది కుళ్లు కాదు, వెలుతురు చేసిన పని. హాప్స్‌లోని చేదు పదార్థాలకి వెలుతురు తగిలితే గంధకంతో కూడిన ఒక సమ్మేళనం పుడుతుంది, స్కంక్ వదిలేదానికి దగ్గరి చుట్టం. మన ముక్కు దాన్ని అణుమాత్రం ఉన్నా పట్టేస్తుంది. గోధుమరంగు సీసా ఆ వెలుతురుని చాలావరకు ఆపుతుంది, పచ్చది పెద్దగా ఆపదు, తెల్లగాజు అసలే ఆపదు. ఆ "ఏరుకోండి" షెల్ఫ్ సరిగ్గా ట్యూబ్‌లైట్ల కిందే ఉంది. ప్యాకుల్లో మిగిలిపోయిన సీసాలన్నీ అక్కడికే చేరతాయని తర్వాత అక్కడ పనిచేసే కుర్రాడే చెప్పాడు. పచ్చ సీసా బీరు ఇష్టమైతే మూసిన అట్టపెట్టె ప్యాకే తీసుకోండి.

ఆ రాత్రి పరువు కాపాడింది షిమే ఒక్కటే. బెల్జియంలో స్కూర్‌మాంట్ మఠం సన్యాసుల బీరు అది, 9 శాతం, సీసాలోనే ఈస్ట్ బతికి ఉంటుంది. బావ సగం గ్లాసు తాగి, మాట్లాడకుండా మిగతా సగం కూడా తన ముందుకే జరుపుకున్నాడు. అన్ని బీర్లూ పాతబడితే పాడవుతాయని కాదు. షిమే బ్లూ, రోష్‌ఫోర్ 10, ఓర్వాల్, బరువైన ఇంపీరియల్ స్టౌట్‌లు (ఘాటైన నల్ల బీర్లు) ఆవకాయ జాతి, ఊరనిస్తారు. ఐపీఏ, పిల్స్‌నర్ కొబ్బరి పచ్చడి జాతి. కాలిఫోర్నియాలో ప్లైనీ ది ఎల్డర్ అని పేరుమోసిన డబుల్ ఐపీఏ ఉంది. దాచుకోకండి, తాజాగా తాగేయండి అని దాని సీసా మీదే రాసి ఉంటుంది.

సోమవారం బిల్లు పట్టుకుని స్టోర్‌కి వెళ్లాను. మేనేజర్ మర్యాదగానే మాట్లాడాడు. "బీరు ఎక్స్‌పైర్ అవదు సర్, అది తయారైన తేదీ మాత్రమే. క్లియరెన్స్ సరుకు వెనక్కి తీసుకోం." చిరాకేసింది కానీ అబద్ధమైతే కాదు. తాగితే జబ్బు చేయదు. అమెరికాలో బీరు మీద తేదీ వేసి తీరాలని ఫెడరల్ నిబంధన కూడా లేదు, వేసేవాళ్లు వాళ్లంతట వాళ్లు వేస్తారు. పచ్చ సీసా ఒక్కటి మార్చి ఇచ్చాడు. మరి ఆ 4.3 రేటింగ్ ఎందుకు అంటించారని అడిగితే, "అది యాప్‌లో ఉన్నదే కదా" అన్నాడు. నాకు కోపం వచ్చింది అక్కడే. ఆ 4.3 వేసినవాళ్లు తాగింది తాజా క్యాన్. పదిహేను నెలల సరుకుకి ఆ అంకె తగిలించడమంటే, పెళ్లిచూపులకి ఇరవై ఏళ్లనాటి ఫొటో పంపడమే.

బ్రూవరీకి కూడా క్యాన్ అడుగు ఫొటో పెట్టి మెయిల్ చేశాను. మూడు నెలల్లోపు తాగాలన్నదే మా మాట, పాత స్టాక్ షెల్ఫ్ మీద నుంచి తీయించడం డిస్ట్రిబ్యూటర్ పని అని జవాబిచ్చారు. ఇక్కడ పద్ధతి అంతే. 1933లో మద్యనిషేధం ఎత్తేశాక వచ్చిన ఏర్పాటులో తయారీదారు డిస్ట్రిబ్యూటర్‌కి అమ్మాలి, అతను షాపుకి అమ్మాలి. పాడైతే ముగ్గురూ ఒకరినొకరు చూపిస్తారు.

ఇక తేదీ ఎలా చూడాలో. క్యాన్ అయితే అడుగున, సీసా అయితే మెడ మీదో లేబుల్ అంచునో, ప్యాక్ అయితే అట్ట పక్కన. గోధుమరంగు సీసా మీద అచ్చు కనపడి చావదు, ఫోన్ లైటు వాలుగా కొట్టండి. ముందు అది తయారైన తేదీయా, "ఈలోపు తాగండి" తేదీయా తేల్చుకోండి. యూరప్ సరుకు మీద రోజు ముందు, నెల తర్వాత. కొందరు 24071 లాంటి ఐదంకెల కోడ్ వేస్తారు. 2024లో 71వ రోజు అని అర్థం, అంటే లీపు సంవత్సరం కాబట్టి మళ్లీ అదే మార్చి 11. అసలు తేదీయే లేకపోతే, ఐపీఏ అయితే నేనిక ముట్టను. సియెరా నెవాడా పేల్ ఏల్ లాంటిది ఎక్కడైనా దొరుకుతుంది, తేదీ స్పష్టంగా ఉంటుంది, కొత్తవాళ్లకి అదే చెప్తున్నాను.

ఇంపోర్టెడ్ అన్న మాట చూసి కూడా కళ్లు మూసుకోకండి. బెక్స్ జర్మన్ బీరే అనుకుని కొనేవాళ్లం కదా, అమెరికాలో అమ్మేది సెయింట్ లూయిస్‌లో తయారవుతోందని జనం కోర్టుకెక్కితే 2015లో సెటిల్‌మెంట్ చేసుకుని డబ్బులు వెనక్కిచ్చారు. ఇక్కడ తయారైతే తాజాగా ఉంటుంది, అది మంచిదే. సముద్రం దాటిందని ఎక్కువ డబ్బు కట్టడమే బాధ.

అన్నిటికన్నా సుఖం, బ్రూవరీకే వెళ్లి తెచ్చుకోవడం. టెక్సస్‌లో ఇదివరకు బీరు బ్రూవరీల దగ్గర కూర్చుని తాగడమే తప్ప ఇంటికి తెచ్చుకునే వీలు లేదు. 2019 సెప్టెంబర్ 1 నుంచి రోజుకి మనిషికి 288 ఔన్సుల దాకా, అంటే మామూలు సీసాలు 24, తెచ్చుకోవచ్చు. ఐస్‌బాక్స్ తీసుకెళ్లండి. మరుసటి శనివారం బావని అలాగే ఒకచోటికి తీసుకెళ్లాను, ఆ వారమే క్యాన్ చేసిన ఐపీఏ పోశారు. "ఇది బీరేనా, మామిడి రసమా?" అన్నాడు. ఆయన తిరుగు విమానం ఎక్కాక ఫోన్ చేసి అడిగిన మొదటి మాట, దాని పేరేంట్రా అని.

నా మాట విని ఆ పసుపు ట్యాగ్ ప్యాకులు కొన్నవాళ్లు గ్రూపులో ఇద్దరున్నారని తెలిసింది. మీ 7.99 నేనిస్తాను, మొహమాటపడకుండా అడగండి. నిన్న అటు వెళ్తూ మళ్లీ తొంగిచూశాను. గుట్ట సగమే తరిగింది. ట్యాగ్ మీద ఇప్పుడు 5.99. రేటింగ్ కాగితం అలాగే ఉంది.