మైన్లు ఏరడానికి ఏ ఓడ మేలు: చిన్న ఫ్రిగేటా, పెద్ద క్రూయిజరా?

నేను పర్లాకిమిడిలో ఉంటాను, మా బావ గుణుపూర్‌లో. ఇద్దరం ఒకే జట్టు, అవతల జయపురం కుర్రాళ్లు ఇద్దరు. ఆట 1995 నాటి ‘స్టార్స్!’ అనే కంప్యూటర్ గేమ్, అంతరిక్షంలో ఓడలతో చేసే యుద్ధం. రోజుకొక టర్న్ (ఆటలో ఒక వంతు) ఫైలు మెయిల్‌లో వస్తుంది. ఆటలో అది ఒక సంవత్సరం. అవతలి వాళ్లు మా దారికి అడ్డంగా 10,000 మైన్లు, అంటే ఓడలు తగిలితే పేలే మందుపాతరలు, పరిచారు. వాటిని తీయడానికి ఏ ఓడలు కట్టాలన్నదే బావకీ నాకూ తగువు.

ఈ ఆటలో మైన్లు ఏరే పరికరమంటూ వేరే ఏమీ లేదు. బీమ్ (కిరణాలు వదిలే) ఆయుధమున్న ఓడ శత్రువు మైన్ ఫీల్డులో నిలబడితే చాలు, ఏటా కొన్ని మైన్లను తీసేస్తుంది. టార్పిడోలు ఈ పనికి రావు. ఎన్ని తీస్తుందన్న లెక్క కూడా తేలికే: ఆయుధం బలాన్ని దాని రేంజ్‌తో రెండుసార్లు గుణించాలి. లేజర్ బలం 10, రేంజ్ 1, కాబట్టి ఏటా 10 మైన్లు. కొల్లాయిడల్ ఫేజర్ బలం 26, రేంజ్ 3, అంటే 234. అందుకే బావ కొల్లాయిడల్ ఫేజర్లు బిగించిన క్రూయిజర్లే కావాలంటాడు.

బావ వదిలేసిన సంగతి ఒకటుంది. మినీ గన్ బలం 13 మాత్రమే, యుద్ధంలో దాని రేంజ్ 2. కానీ మినీ గన్ లాంటి గ్యాట్లింగ్ రకం ఆయుధాలకు మైన్లు ఏరేటప్పుడు రేంజ్ 4గా లెక్క కడతారు. పదమూడు పదహార్లు 208! ఆయుధాల టెక్ (సాంకేతిక స్థాయి) 5కే మినీ గన్ చేతికొస్తుంది, కొల్లాయిడల్ ఫేజర్ కోసం 10 దాకా ఆగాలి. ఏడాదికి 26 మైన్ల తేడా కోసం అన్నాళ్లు ఆగడం నాకైతే దండగనిపిస్తుంది.

ఒక ఫ్రిగేట్‌లో మూడు మినీ గన్‌లు పడతాయి. ఐదు ఫ్రిగేట్లు ఏడాదికి 3,120 మైన్లు తీస్తాయి. ఫీల్డ్ వ్యాసార్థం మైన్ల సంఖ్యకు వర్గమూలం. అంటే 10,000 మైన్లకు 100 కాంతి సంవత్సరాలు. మొదటి ఏడాది 6,880 మిగిలి వ్యాసార్థం 83కి వస్తుంది. రెండో ఏడాది వ్యాసార్థం 61. మూడో ఏడాది మిగిలేవి 640, వ్యాసార్థం 25. నాలుగో ఏటికి ఏమీ ఉండదు. కలుపు తీసేటప్పుడు పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా చేను ఉన్నట్టే ఉండి, సాయంత్రానికి ఒక్కసారిగా ఖాళీగా కనిపిస్తుంది చూడండి, అచ్చం అలాగే. మొదటి ఏడాది చూసి నిరాశపడి ఓడల్ని వెనక్కి పిలిచేవాళ్లు అందుకే నష్టపోతారు.

ఫ్రిగేట్‌కున్న లోటు దాని కవచం. 45 మాత్రమే. మామూలు మైన్ పేలితే ఫ్లీట్‌కు (ఓడల గుంపుకు) కనీసం 500 దెబ్బ. కాబట్టి మైన్ల మధ్య వార్ప్ (ఓడ వేగం కొలత) 4 దాటకూడదు, ఆ వేగం దాకా ప్రమాదం లేదు. దాటితే ఎక్కువైన ప్రతి వార్ప్‌కూ, ప్రతి కాంతి సంవత్సరానికీ 0.3 శాతం చొప్పున ప్రమాదం. వార్ప్ 9తో ఒక ఏడాది, అంటే 81 కాంతి సంవత్సరాలు పోతే మైన్ తగిలే అవకాశం దాదాపు 70 శాతం. తొందరపడి నేను రెండు ఫ్రిగేట్లను అలాగే పోగొట్టుకున్నాను. ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

అసలు ఏరకుండా వార్ప్ 4తోనే దాటేస్తే? ఏడాదికి 16 కాంతి సంవత్సరాలు. ఫీల్డ్ ఈ చివర నుంచి ఆ చివరకు 200 దాటడానికి పదమూడేళ్లు. యుద్ధంలో అన్నేళ్లు ఎవరు ఆగుతారు?

బావ మాట పూర్తిగా తప్పని అనను. ఫీల్డులో శత్రువు యుద్ధ నౌకలు కాపలా ఉంటే ఫ్రిగేట్లు ఒక్క పూట కూడా నిలవవు. అక్కడ క్రూయిజరే కావాలి, ఎందుకంటే మైన్లు తీసే ఫేజరే యుద్ధంలోనూ రేంజ్ 3తో పనికొస్తుంది. కానీ మా ముందున్న ఫీల్డులో కాపలా లేదు, స్కౌట్ (నిఘా ఓడ) పంపి చూశాం. అందుకే ఈ టర్న్‌లో ఐదు ఫ్రిగేట్లకు ఆర్డర్ పెట్టాను. టెక్ 11కి చేరి గ్యాట్లింగ్ గన్ వస్తే బావ క్రూయిజర్ల మీద దాన్నే బిగిద్దాం. ఒక్కొక్కటీ ఏటా 496 తీస్తుంది. దానికి బావ కూడా సరేనన్నాడు.